బల్లకు ముందు శనివారం: నల్లగొండ, పాలమూరు సంఘాల్లో ప్రభు సంస్కారపు సిద్ధపాటు

1859 చివర్లో దక్షిణ రష్యాలోని మొలోచ్నా కాలనీలో, ఎలిజబెత్తాల్ అనే ఊళ్ళో, కొన్ని రైతు కుటుంబాలవాళ్ళు ఒక ఇంట్లో చేరి సంఘ పెద్దల అనుమతి లేకుండా రొట్టె విరిచారు. ఆ ఇల్లు కార్నీలియస్ వీన్స్ అనే ఆయనది. ఆ ప్రాంతం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. అంతకుముందు వీళ్ళు తమ సంఘ పెద్ద ఆగస్ట్ లెంజ్‌మన్ దగ్గరికి వెళ్ళి, ప్రభు సంస్కారం తమకు వేరుగా, ఇంకా తరచుగా ఇమ్మని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఊళ్ళో పుట్టినందుకు, వయసు వచ్చినందుకు బాప్తిస్మం పొంది, బతుకులో ఏ మార్పూ లేకుండా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళతో కలిసి ఆ రొట్టె తినలేమన్నది వాళ్ళ పేచీ. 1860 జనవరి 6న 18 మంది ఇంటిపెద్దలు పాత సంఘం నుంచి విడిపోతున్నామని కాగితం రాసి సంతకాలు పెట్టారు. మెనోనైట్ బ్రదరెన్ సభ పుట్టింది అట్లా.

ముప్పై ఏళ్ళకు, 1890లో, ఆ సభకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా నల్లగొండలో కాపురం పెట్టారు. బల్ల దగ్గరికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న తగాదాలోంచి పుట్టిన సభ, ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో ఎవరి నీళ్ళు ఎవరు తాగవచ్చో పుట్టుకతోనే తేలిపోయే ఊళ్ళలోకి వచ్చింది. ఈ రెండు పట్టింపులూ ఒకచోట కలిసినప్పుడు ఏమైందన్నదే ఈ వ్యాసం.

సంస్కారానికి సిద్ధపడడమంటే ఈనాడు మనకు తోచేది ఒంటరి పని. కళ్ళు మూసుకోవడం, చేసిన తప్పులు తలుచుకోవడం, క్షమించమని లోలోపల వేడుకోవడం. ఈ రెండు జిల్లాల సంఘ చరిత్ర తిరగేస్తే మొదట్లో సంగతి వేరుగా కనిపిస్తుంది. సిద్ధపాటు అప్పుడు నలుగురిలో జరిగేది. పొరుగువాడితో ఉన్న లెక్క తేల్చుకుని రావడం అందులో ప్రధానం. అది క్రమంగా లోపలికి, ఒంటరితనంలోకి జరిగింది. ఆ జరగడంలో కొంత మేలు ఉంది, చాలా నష్టమూ ఉందని నా అభిప్రాయం.

అసలు ఈ పరీక్ష అన్న ఆలోచనకు మూలం కొరింథు పట్టణం. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు అక్కడి సంఘానికి రాసిన మొదటి ఉత్తరం పదకొండో అధ్యాయమే ఇప్పటికీ మన సంఘాల్లో ప్రతి సంస్కారం ఆదివారం చదివేది. అందరికీ కంఠతా వచ్చిన ఆ భాగానికి ముందున్న నాలుగైదు వచనాలు మాత్రం తరచుగా వదిలేస్తారు. అక్కడ పౌలు కోపం దేనిమీదో చూడండి. కలిగినవాళ్ళు ముందే వచ్చి తెచ్చుకున్నది తిని, తాగి కూర్చుంటున్నారు. లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోతున్నారు. ఇట్లా తినేవాళ్ళు తినేది ప్రభువు భోజనమే కాదని ఆయన తీర్పు. తమను తాము పరీక్షించుకోమన్నది ఆ సందర్భంలో. అంటే మొట్టమొదటి పరీక్షలో అడిగిన ప్రశ్న, పక్కవాడు తిన్నాడా లేదా అని. తొలి శతాబ్దాల నాటి 'డిడాకే' అనే చిన్న బోధ గ్రంథం కూడా ఈ దారిలోనే ఉంది. పొరుగువాడితో తగాదా ఉన్నవాడు రాజీపడేదాకా కూటంలో కలవకూడదంటుంది. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో యేసు చెప్పిన మాటా అదే: అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమన్నాడు.

మధ్యయుగాల్లో ఈ పరీక్ష గురువు చెవికి చేరింది. 1215లో నాలుగో లాతరన్ మహాసభ, ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి, ఈస్టరు కాలంలో సత్ప్రసాదం తీసుకోవాలని శాసించింది. 16వ శతాబ్దంలో, పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోని అనాబాప్తిస్టులు దీన్ని మళ్ళీ సంఘం మధ్యకు లాక్కొచ్చారు. 1527 ఫిబ్రవరిలో ష్లైట్‌హైమ్‌లో వాళ్ళు రాసుకున్న ఏడు తీర్మానాల్లో ఒకటి రొట్టె విరవడం గురించే. అదే ఏడు బాల్తసార్ హూబ్‌మయర్ సంస్కారానికి ఒక ఆరాధన క్రమం తయారుచేశాడు. రొట్టె అందుకునే ముందు, పక్కనున్నవాళ్ళను ప్రేమిస్తామని, అవసరమైతే వాళ్ళకోసం ప్రాణమిస్తామని అందరూ నిలబడి ప్రమాణం చేయాలి. మరుసటి ఏడు మార్చిలో ఆయన్ను వియన్నాలో సజీవంగా తగలబెట్టారు. వాళ్ళలో మెనోనైట్ శాఖకు తన పేరిచ్చిన మెన్నో సైమన్స్ కథ కూడా రొట్టెతోనే మొదలైంది. నెదర్లాండ్స్‌లో పల్లెటూరి కతోలిక గురువుగా పూజ చేస్తుండగానే, చేతిలో ఉన్న ఆ రొట్టె నిజంగా క్రీస్తు శరీరమేనా అని ఆయనకు సందేహం కలిగింది. పదేళ్ళకు పైగా దాన్ని మోసి, 1536లో గురుత్వం వదిలేశాడు.

ఆ మెన్నో పేరు పెట్టుకున్నవాళ్ళు రష్యా చక్రవర్తిని కాథరిన్ పిలుపు మీద వెళ్ళి, ఉక్రెయిన్ మైదానాల్లో స్థిరపడ్డారు. మొలోచ్నా కాలనీ 1804లో ఏర్పడింది. అక్కడ సంఘ సభ్యత్వమూ ఊరి పౌరసత్వమూ ఒకటైపోయాయి. బాప్తిస్మం లేకపోతే పెళ్ళి కాదు. అందుకని ఆ వయసు రాగానే అందరూ బాప్తిస్మం తీసుకునేవాళ్ళు, అందరూ బల్లకు వచ్చేవాళ్ళు. 1859లో పేచీ పెట్టినవాళ్ళ మాట సబబైనదే. కాని అందులో ఒక ప్రమాదం దాగి ఉంది. ఎదుటివాడు అర్హుడు కాడని లేచిపోయేవాడికి తన సంగతి చూసుకునే తీరిక తక్కువ. ఈ రెండూ కలిసే నల్లగొండకు ప్రయాణం చేశాయి.

ఫ్రీసెన్ దంపతులు సొంతంగా మిషన్ పెట్టుకుని రాలేదు. తెలుగు దేశంలో 1836 నుంచి పనిచేస్తున్న అమెరికన్ బాప్తిస్టు మిషన్ కింద, రష్యాలోని తమ సభ పంపే డబ్బుతో పనిచేశారు. అప్పటికి ఆ మిషన్‌కు ఒంగోలు అనుభవం ఉంది. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరి, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం కట్టాడు. ఆయనకు దారి చూపినవాడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు. క్రైస్తవంలోకి రాకముందే ఒక గురువు దగ్గర యోగమార్గం నేర్చి శిష్యుల్ని చేసుకున్నవాడు. ఇది చిన్న సంగతి కాదు. మనసును నిలబెట్టడం, ఉపవాసం, గురూపదేశం, భజన రాత్రులు ఇవన్నీ మాదిగవాడల్లో మిషనరీ రాకముందే ఉన్నాయి. సంస్కారం రోజున పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టి, బల్ల తీసుకునేదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టని ముసలమ్మలు ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. బాప్తిస్టుల బోధలో ఎక్కడా ఇట్లాంటి నియమం లేదు. అది ఈ నేలది.

ఒంగోలులో మరో పాఠం కూడా తయారైంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనుల్లో క్లౌ వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పనులు సాగినన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతమందిని పరీక్షించింది తెల్లదొరలు కాదు, తెలుగు బోధకులు. ఎవరు ఏ పల్లెవాడు, ఎట్లా బతుకుతున్నాడు అన్నది వాళ్ళకు తెలుసు. క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. సంఘంలో నిలవాలన్నా, బల్లలో పాలుపొందాలన్నా కొలబద్ద ఇదే.

చదవడానికి ఈ మూడూ మతనియమాలు. పల్లెలో అమలు జరిగేసరికి అవి ఊరి కట్టుబాటును తాకాయి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి తోలు తీయడం మాదిగల మీద ఊరు పెట్టిన పని. మాంసం ఆ పనికి దక్కే ప్రతిఫలంలో భాగం. ఆదివారం పనికి రానంటే ఊరి పెత్తందారుతో తలపడాలి. మైసమ్మ కొలుపుకు చందా ఇవ్వనన్నా, డప్పు కొట్టనన్నా అంతే. నిజాం రాజ్యంలో వెట్టి రాజ్యమేలుతున్న నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆదివారం ఒక్కపూట సొంతమని చెప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో, ఎంత దెబ్బ కాచుకోవాలో ఊహించుకోవచ్చు. అట్లా చూస్తే సంస్కారానికి సిద్ధపడడం శనివారం రాత్రి మనసులో జరిగే పని కాదు. వారమంతా దొర గడీ ముందు జరిగేది.

పాలమూరులో బాప్తిస్టు పని నల్లగొండ కంటే ముందే మొదలైంది. 1885లో ఎల్బర్ట్ చూట్ అక్కడ చేరాడు. 1890లో ఆరో నిజాం పేరు మీద ఆ పట్టణం మహబూబ్‌నగర్ అయింది, మిషన్ రికార్డుల్లో మాత్రం చాలాకాలం పాలమూరే. ఫ్రీసెన్ వెనక రష్యా నుంచి మరికొందరు వచ్చి సూర్యాపేట, జనగామ వైపు విస్తరించారు. అమెరికాలోని మెనోనైట్ బ్రదరెన్ సభ 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతుల్ని పంపి హైదరాబాదులో సొంత మిషన్ మొదలుపెట్టింది. ఆ తరువాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల, షంషాబాద్‌లలో కాంపౌండ్లు లేచాయి. మొదటి ప్రపంచయుద్ధం, రష్యా విప్లవం వచ్చి రష్యా నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. నల్లగొండ బాప్తిస్టుల కింద ఉండిపోయింది. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలు బాప్తిస్టుల చేతిలోంచి మెనోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చాయి. ఈనాడు కృష్ణకు ఇవతల ఈ మెట్ట ప్రాంతంలో ఊరూరా కనిపించే ఎం.బి. చర్చి, బాప్తిస్టు చర్చి అన్న రెండు బోర్డుల వెనక ఉన్న లెక్క ఇది.

రెండు సభలకూ ఒక ఆచారం ఉమ్మడి. సంస్కారానికి ముందు సంఘాన్ని కూర్చోబెట్టడం. అమెరికన్ బాప్తిస్టుల్లో నెల మొదటి ఆదివారం బల్ల, దానికి ముందు ఒడంబడిక కూటం. మెనోనైట్లలో సిద్ధపాటు ఆరాధన. తెలుగు సంఘాల్లో ఈ రెండూ కలిసి శనివారం సిద్ధపాటు ప్రార్థనగా నిలిచాయి. పల్లెల్లో కూటాలు పగలు జరిగేవి కావు. కూలి నుంచి వచ్చి, గంజి తాగి, పిల్లల్ని పడుకోబెట్టాక లాంతరు వెలుగులో మొదలయ్యేవి. బోధకుడు, ఇద్దరు ముగ్గురు పెద్దలు చాప మీద కూర్చుంటారు. ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆ వాడలో అందరికీ తెలుసు. బావామరుదుల గట్టు తగాదా, కల్లుకాంపౌండు దగ్గర జరిగిన కొట్లాట, పెళ్ళాన్ని కొట్టి పుట్టింటికి తరిమినవాడి సంగతి, జాతరలో డప్పు కొట్టినవాడి సంగతి అక్కడ పైకి వచ్చేవి. తేలితే చేతులు కలిపించి ప్రార్థన చేసేవాళ్ళు. తేలకపోతే ఆ మనిషిని బల్ల నుంచి ఆపేవాళ్ళు. 'ఆయన్ను బల్ల నుంచి ఆపిండ్రు' అన్న మాటకు ఆ పల్లెల్లో ఎంత బరువుందో వాడలో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో చెప్పిన మెట్లు, ముందు ఒంటరిగా, తరువాత ఇద్దరి ముందు, ఆపైన సంఘం ముందు అన్నవి, ఈ పంచాయితీకి ఆధారం.

ఈ పద్ధతిని పొగిడి వదిలేయడం న్యాయం కాదు. విచారణకు వచ్చిన తప్పుల జాబితా ఒకసారి చూడండి. కల్లు, డప్పు, ఆదివారం పని, జాతర, రెండో పెళ్ళి. ఇవన్నీ బీదవాడి బతుకులో పైకి కనిపించే తప్పులు. కొన్ని తప్పులే కావు, గతిలేక చేసినవి. ఆదివారం వెట్టికి పోయినవాడు తన ఇష్టంతో పోలేదు. డప్పు కొట్టనన్నవాడికి ఊరి బావి దారి మూసేస్తారు. అప్పులో నిలువునా మునిగిన మనిషి ఊరి దొరకు ఎదురు చెప్పలేడు. గర్వం, అధికార దాహం, సాటి కులంవాణ్ణి చిన్నచూపు చూడడం లాంటివి ఆ చాప మీదికి దాదాపు రాలేదు. విచారించేవాళ్ళ మీద విచారణ లేదు. ఆడవాళ్ళ తప్పులు కూడా మగపెద్దలే తేల్చారు. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, ఒక్కొక్క అమ్మ దగ్గర కూర్చుని బోధించి సిద్ధం చేసినా, తీర్మానంలో వాళ్ళకు ఓటు లేదు.

ఇక మిషనరీ దొరల సంగతి. మిషన్ కాంపౌండులో బంగళా ఎత్తు మీద ఉంటుంది, దొరగారూ దొరసానమ్మా అందులో ఉంటారు. ఆదివారం ఒకే బల్ల, మిగతా ఆరు రోజులు వేర్వేరు భోజనం. ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టినవాడు మన పొరుగు దోర్నకల్‌లో పనిచేసిన వి.ఎస్. అజరయ్య. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలబడి, మిషనరీలు త్యాగాలు చాలా చేశారు గాని మాతో స్నేహంగా మెలగలేదని ముఖం మీదే చెప్పాడు. రెండేళ్ళకు ఆయన దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్.

ఇప్పుడు బల్ల మీదికి వద్దాం. ద్రాక్షతోటలు లేని ఊళ్ళలో ద్రాక్షరసం ఎక్కడిది? పట్నం నుంచి తెచ్చిన ఎండుద్రాక్షలను శనివారం పొద్దున వేడినీళ్ళలో నానబెడతారు. రాత్రికి అవి ఉబ్బుతాయి. పాస్టరమ్మ వాటిని చేత్తో పిసికి, పలుచని గుడ్డలో వడగట్టి, కాస్త బెల్లమో చక్కెరో కలిపి ఒక్క పొంగు రానిస్తుంది. పులియకూడదు, అది పట్టింపు. కల్లుకు దూరమైనవాళ్ళ ముందు పులిసిన రసం పెట్టరు. రొట్టె, ఉప్పూ సోడా లేకుండా పిండి కలిపి పెనం మీద కాల్చినది, చపాతీకి దగ్గర. దాని మీద తెల్లగుడ్డ కప్పి పొద్దునకు బల్ల మీద పెడతారు. రసం కలిపేటప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఆ రసం పాతరోజుల్లో ఒక్క గిన్నెలో పోసేవాళ్ళు. ఈ ఒక్క సంగతి దగ్గర కొంచెం ఆగాలి. తెలంగాణ పల్లె హోటళ్ళలో నిన్నమొన్నటిదాకా రెండు గ్లాసుల పద్ధతి ఉంది. మాల మాదిగలకు వేరే గ్లాసు, తాగి తామే కడిగి బయట చూరులో బోర్లించాలి. అట్లాంటి ఊరిలో, ఆదివారం ఒకే గిన్నె ఒకరి పెదవి నుంచి ఇంకొకరి పెదవికి పోవడం మామూలు సంగతి కాదు. మాలలూ మాదిగలూ కూడా ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగని పల్లెలు ఉన్న రోజులు అవి. అందుకే చాలాచోట్ల సమస్యను గిన్నె దగ్గరికి రానివ్వకుండానే తప్పించారు. మాలవాడలో ఒక సంఘం, మాదిగవాడలో ఒక సంఘం. ఒక్కో సంఘంలో అందరూ చుట్టాలే, కాబట్టి గిన్నెతో పేచీ లేదు. క్షేత్రమంతా కలిసే మహాసభల్లో మాత్రం అందరికీ ఒకే బల్ల. ఏటా ఆ రెండు మూడు రోజులు సంఘానికి అసలు పరీక్ష పెట్టేవని నా ఉద్దేశం.

అమెరికాలో 1890ల్లో సూక్ష్మజీవుల భయంతో విడివిడి చిన్న గ్లాసులు వచ్చాయి. మనదాకా రావడానికి కొంత కాలం పట్టింది. ఆరోగ్యం దృష్ట్యా కాదనడానికి లేదు. కాని ట్రేలో వరసగా నిలబెట్టిన గాజు గ్లాసులు ఈ నేల మీద ఒక పాత ఇబ్బందిని ఎవరూ నోరెత్తకుండానే తీర్చిపెట్టాయి. పక్కవాడి ఎంగిలి మనది కాకుండా పోయింది. 2020లో కోవిడ్ వచ్చాక ఇళ్ళలోనే, ఫోను ముందు కూర్చుని బల్ల తీసుకోవడం కూడా చూశాం. పక్కవాడే లేకుండా పోయాడు.

బల్లంటే ఉన్న భయం సంగతి వేరు. పౌలు ఆ అధ్యాయంలో, అయోగ్యంగా తినేవాళ్ళలో కొందరు జబ్బుపడ్డారని, కొందరు చనిపోయారని రాశాడు. తెలుగు సంఘాల్లో ఈ వచనం పాతుకుపోయినంతగా మరొకటి పాతుకుపోలేదేమో. ప్రసంగం అయిపోగానే, బల్ల మొదలు కాకముందే మెల్లగా లేచి బయటికి వెళ్ళే మనుషులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఎక్కువగా ఆడవాళ్ళు. ఏళ్ళ తరబడి తీసుకోనివాళ్ళున్నారు. కోడలితో మాటల్లేవనో, కొడుకు ఇతర మతంవాళ్ళ పిల్లను చేసుకున్నాడనో, అయోగ్యంగా తీసుకుంటే ఏమవుతుందోనని. కొరింథులో ఆకలితో ఉన్న బీదవాడి పక్షాన రాసిన మాట ఇక్కడ బీదరాలినే బల్లకు దూరం చేసింది. ఈ భయాన్ని పోగొట్టవలసిన బోధకులు, క్రమశిక్షణకు పనికొస్తుందని దాన్ని పెంచినవాళ్ళే ఎక్కువ.

కతోలికుల్లో ఈ చరిత్ర మరో దారి పట్టింది. హైదరాబాదు మేత్రాసనం 1886 నాటిది. నల్లగొండకు సొంత మేత్రాసనం 1976లో వచ్చింది. వాళ్ళ సిద్ధపాటు పాపసంకీర్తనపు గూట్లో, గురువు చెవిలో జరుగుతుంది. ఊరికి తెలియదు. 1905లో పదో భక్తినాథ పోపు తరచుగా సత్ప్రసాదం తీసుకోమని ప్రోత్సహించాడు. 1910లో పిల్లలకు ఏడేళ్ళ ప్రాయం నుంచే ఇవ్వవచ్చన్నాడు. ఏడేళ్ళ పిల్లకు తెల్లగౌను తొడిగి, నెలల తరబడి జపాలు నేర్పి తీసుకొచ్చే ఆ మొదటి సత్ప్రసాదం, ఊహ తెలిసి నలుగురిలో సాక్ష్యం చెప్పి నీళ్ళలో మునిగితే గాని బల్ల ఇవ్వని బాప్తిస్టు పద్ధతి పక్కపక్క వీధుల్లోనే నడుస్తున్నాయి. చిన్నప్పుడు చిలకరింపు బాప్తిస్మం పొంది, బాప్తిస్టు ఇంట్లో కోడలుగా అడుగుపెట్టిన అమ్మాయికి, మళ్ళీ మునిగేదాకా బల్ల లేదు. అత్తవారింట్లో వంటంతా తనే చేసి, చర్చిలో మాత్రం రొట్టె దాటిపోతుంటే చూస్తూ కూర్చున్న కోడళ్ళు ఈ జిల్లాల్లో ఒకరిద్దరు కారు.

స్వాతంత్ర్యం తరువాత ఇంకో గాలి వీచింది. సువార్తికుడు బఖ్త్‌సింగ్ హైదరాబాదులో హెబ్రోను అనే ప్రాంగణం కేంద్రంగా కట్టిన సహవాసాలు తెలంగాణ పల్లెల్లోకి పాకాయి. వాళ్ళు బల్లను నెలకు ఒకసారి కాదు, ప్రతి ఆదివారం తీసుకున్నారు. గంటల తరబడి ఆరాధన, అందులో ఎవరైనా లేచి ప్రార్థించవచ్చు, ఆ తరువాత అందరూ వరసగా చాపల మీద కూర్చుని ఒకే వంట తినడం. పరిశుద్ధ సమావేశాల్లో వేలమంది ఏ కులమో అడగకుండా పక్కపక్కన కూర్చుని సాంబారన్నం తిన్నారు. మిషన్ సంఘాలనుంచి చాలామంది అటు వెళ్ళిపోయినందుకు పెద్దలు నొచ్చుకున్నారు గాని, ఎందుకు వెళ్ళారో ఆలోచించినవాళ్ళు తక్కువ. కొరింథు భోజనానికి ఆ చాపలు మన గాజు గ్లాసుల కంటే దగ్గరగా ఉన్నాయి. బఖ్త్‌సింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులోనే కన్నుమూశారు.

ఆత్మీయ ఎదుగుదల అన్న మాటను మన సంఘాలు దేనితో కొలిచాయన్నది మిగిలిన ప్రశ్న. మొదటి తరం కొలత, మానేసిన వాటితో: కల్లు మానాడా, డప్పు మానాడా. రెండో తరం కొలత, చదువుతో. నాగర్‌కర్నూల్‌లో డి.ఎఫ్. బెర్గ్‌తోల్డ్ 1920 ప్రాంతంలో మొదలుపెట్టిన బైబిలు పాఠశాల పరంపరే ఇప్పుడు షంషాబాద్ బైబిలు కళాశాలగా ఉంది. అక్కడ చదివి వచ్చిన బోధకులు, అక్షరం రానివాళ్ళకు పాట కట్టి, కంఠతా పట్టించి వాక్యం ఎక్కించారు. మూడో కొలతను ఆలోచించినవాడు షంషాబాద్‌లోనే 1932లో మిషనరీ ఇంట్లో పుట్టిన పాల్ హీబర్ట్. పాలమూరు జిల్లా కొండూరు గ్రామాన్ని అధ్యయనం చేసి 1971లో పుస్తకం వేసిన మానవశాస్త్రవేత్త. 1980ల్లో ఆయన చెప్పింది స్థూలంగా ఇది: పాత ఆచారాన్ని మిషనరీ గుడ్డిగా నిషేధించకూడదు, గుడ్డిగా ఒప్పుకోకూడదు, సంఘమే కూర్చుని దాని అర్థమేమిటో విచారించి, వాక్యంతో పోల్చి, తానే నిర్ణయించుకోవాలి. అట్లా నిర్ణయించుకోగలగడమే సంఘం ఎదిగిందనడానికి గుర్తు. డప్పు సంగతిలో ఈ పని ఆలస్యంగానైనా జరిగింది. ఒకప్పుడు కొట్టినవాణ్ణి బల్ల నుంచి ఆపిన డప్పే, ఈనాడు అనేక సంఘాల్లో క్రిస్మస్ ఊరేగింపుకు ముందు నడుస్తోంది. ఆపబడినవాళ్ళకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

శనివారం కూటం ఈనాడు పట్టణ సంఘాల్లో పేరుకే ఉంది. పాలమూరు పల్లెల్లో అయితే సగం మంది నెల మొదటి ఆదివారం ఊళ్ళోనే ఉండరు, వలసపోయి ముంబయిలోనో హైదరాబాదు శివార్లలోనో తాపీ పని దగ్గర ఉంటారు. వాళ్ళు బల్ల తీసుకునేది క్రిస్మస్‌కు, ఈస్టరుకు ఇంటికి వచ్చినప్పుడు. రాగానే వాళ్ళు చేసే మొదటి పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అన్నదమ్ములతో, పాలోళ్ళతో ఉన్న అప్పుల లెక్క, ఇంటి జాగా పంచాయితీ తేల్చుకుంటారు. ఆ తరువాతే చర్చికి వస్తారు. పాత సిద్ధపాటు పూర్తిగా పోలేదనడానికి నాకు కనిపించే ఆధారం ఇదే.

ఈ చరిత్రలో మిషనరీల వైపు కాగితాలు భద్రంగా ఉన్నాయి. మెనోనైట్ బ్రదరెన్ పత్రాలు అమెరికాలో ఫ్రెస్నో, హిల్స్‌బరో పట్టణాల్లో, కెనడాలో విన్నిపెగ్‌లో పెట్టెల్లో వరసగా ఉన్నాయి. మన వైపు రాత, అంటే ఎవర్ని బల్ల నుంచి ఎందుకు ఆపారో, ఎవరు ఎవరితో సమాధానపడ్డాక మళ్ళీ చేర్చుకున్నారో తెలుగులో రాసిన సంఘ మినిట్స్ పుస్తకాలు, సభ్యుల రిజిస్టర్లు, దేవరకొండలోనో వనపర్తిలోనో మక్తల్‌లోనో పాత పెద్దల ఇళ్ళ అటకల మీద ఉంటాయి. మీ తాతగారు సంఘ పెద్దగానో కార్యదర్శిగానో పనిచేసి ఉంటే ఆ ట్రంకుపెట్టె ఒకసారి తీసి చూడండి. దొరికిన పుస్తకాన్ని చెదలు పట్టకముందే ఫోటోలు తీసి ఒక ప్రతి మీ సంఘానికి, ఒకటి షంషాబాద్ కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి. అందులో ఉన్నవాళ్ళ పేర్లు బయటపెట్టనక్కరలేదు. తేదీ, ఊరు, తీర్మానం చాలు.